కొలిచాక చూసేదెవరు?

1905లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో విలెం ఐంథోవెన్ అనే శాస్త్రవేత్తకు ఒక చిక్కు వచ్చిపడింది. గుండె కొట్టుకునేటప్పుడు పుట్టే అతి బలహీనమైన విద్యుత్తును గీతగా నమోదు చేయగల స్ట్రింగ్ గాల్వనోమీటర్‌ను ఆయన తయారు చేశాడు. ఆ యంత్రం బరువు 270 కిలోల దాకా ఉండేది. దాని విద్యుదయస్కాంతాలు వేడెక్కిపోకుండా ఎప్పుడూ నీళ్ళు పారుతూ ఉండాలి. నడపడానికి ఐదుగురు మనుషులు కావాలి. అది ఆయన ప్రయోగశాలలో ఉంది. రోగులేమో కిలోమీటరున్నర అవతల ఆసుపత్రిలో ఉన్నారు. జబ్బు ముదిరినవాళ్ళను ప్రయోగశాలకు మోసుకురాలేరు, యంత్రాన్ని ఆసుపత్రికి కదిలించలేరు. ఐంథోవెన్ టెలిఫోను తీగ సాయంతో రోగి గుండె సంకేతాన్నే ప్రయోగశాలకు రప్పించాడు. మరుసటి ఏడాది ఆ పనిని 'టెలికార్డియోగ్రామ్' పేరుతో ప్రకటించాడు. అంటే ఈసీజీ వయసు ఎంతో, రోగిని దూరం నుంచి కనిపెట్టి ఉండే వైద్యం వయసూ దాదాపు అంతే.

నూట ఇరవయ్యేళ్ళు గడిచాయి. ఆ 270 కిలోల యంత్రం చేసిన పనిలో కొంత భాగాన్ని ఇవాళ మణికట్టుకు కట్టుకునే వాచీ చేస్తోంది. టెలిఫోను తీగ స్థానంలో సెల్‌ఫోను టవరు వచ్చింది. కొలతా, ప్రసారమూ ఇంత తేలికైపోయాక దూర పర్యవేక్షణ అనే సమస్య తీరిపోయి ఉండాలి. తీరలేదు. లైడెన్‌లో తీగకు అవతలి కొసన ఐంథోవెన్ కూర్చుని ఉండేవాడు. వచ్చిన గీతను వచ్చినప్పుడే చూసేవాడు. ఇప్పటి పరికరాల్లో చాలావాటికి ఆ అవతలి కొస ఖాళీగా ఉంది. గత రెండు దశాబ్దాల్లో జరిగిన పెద్ద వైద్య పరీక్షల ఫలితాలను వరసగా చదివితే కనిపించేది ప్రధానంగా ఇదే.

ముందు కొలత సంగతి చూద్దాం. ఆసుపత్రిలో తీసే మామూలు ఈసీజీ పది సెకన్ల పాటు గుండెను చూస్తుంది. ఆ పది సెకన్లలో గుండె పన్నెండు సార్లో పదమూడు సార్లో కొట్టుకుంటుంది. రోజు మొత్తంలో కొట్టుకునేది సుమారు లక్ష సార్లు. లయ తప్పే జబ్బులు వచ్చిపోతూ ఉంటాయి కాబట్టి ఆ పది సెకన్లలోనే దొరకాలనేమీ లేదు. ఈ విషయాన్ని గట్టిగా పట్టుకున్నవాడు అమెరికాలో మోంటానా రాష్ట్రానికి చెందిన నార్మన్ హోల్టర్. ఆయన డాక్టరు కాదు, భౌతిక శాస్త్రవేత్త. 1940లలో 38 కిలోల రేడియో సామగ్రిని వీపుకు కట్టుకుని, ఒకచోట నిలిపి ఉంచిన సైకిలు తొక్కుతూ, తన గుండె సంకేతాన్ని గాలిలోకి ప్రసారం చేశాడు. 1961లో 'సైన్స్' పత్రికలో తన పద్ధతిని వివరించేనాటికి పరికరం చాలా చిన్నదైంది. నేటికీ కార్డియాలజిస్టులు ఒకటి రెండు రోజుల పాటు ఒంటికి తగిలించి పంపే ఆ పెట్టెను హోల్టర్ అనే పిలుస్తారు. మంచం మీద పడుకున్న గుండె వేరు, మెట్లెక్కే గుండె వేరు, కోపం వచ్చిన గుండె వేరు అన్నది ఆయన అసలు వాదన. ఒంటి మీద ధరించే పరికరాలన్నిటికీ మూలం ఆ ఆలోచనే.

వాచీ వెనక మినుకుమనే ఆకుపచ్చ దీపానిది మరో మార్గం. రక్తం ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టు చర్మం కింది సన్నని నాళాల్లోకి కాస్త ఎక్కువ రక్తం వస్తుంది, వెనక్కి తిరిగి వచ్చే కాంతి కాస్త తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులను లెక్కబెడితే నాడి దొరుకుతుంది. ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య వ్యవధి ఏ క్రమమూ లేకుండా మారిపోతుంటే, పైగదులు కట్టు తప్పి అదిరే ఎట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయదోషం కావచ్చునని అనుమానించవచ్చు. ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. చెయ్యి కదిలితే, వాచీ పట్టీ వదులైతే, చలికి రక్తనాళాలు బిగుసుకుంటే సంకేతం చెడుతుంది. రెండోది, వాచీ నేరుగా కొలిచింది కాంతిని. మిగిలినదంతా ఆ కాంతి నుంచి లెక్కకట్టిన అంచనా.

ఈ అంచనా అన్న మాట ఆక్సీమీటరు విషయంలో మరీ ముఖ్యం. జపాన్‌లోని నిహోన్ కోడెన్ సంస్థలో పనిచేసిన ఇంజినీరు టకువో అయోయాగి 1974లో దాని సూత్రాన్ని పట్టుకున్నాడు. ఆక్సిజన్ మోస్తున్న హిమోగ్లోబిన్ 940 నానోమీటర్ల పరారుణ కాంతిని ఎక్కువ పీల్చుకుంటుంది. ఆక్సిజన్ వదిలేసినది 660 నానోమీటర్ల ఎర్రకాంతిని ఎక్కువ పీల్చుకుంటుంది. నాడితో పాటు పెరిగి తగ్గే భాగాన్ని మాత్రమే విడదీసి చూస్తే ఎముక, చర్మం, సిరల్లోని రక్తం అడ్డురావని ఆయన గుర్తించాడు. అందుకే సూది గుచ్చకుండా ధమని రక్తం సంగతి తెలుస్తోంది. అయితే రెండు కాంతుల నిష్పత్తి నుంచి తెర మీద కనిపించే 96, 97 అనే అంకెకు వెళ్ళాలంటే ఒక పట్టిక కావాలి. ఆరోగ్యవంతులైన స్వచ్ఛంద సేవకుల రక్తాన్ని పరీక్షించి ఆ పట్టికను తయారు చేస్తారు. ఆ సేవకుల్లో అన్ని చర్మవర్ణాలవాళ్ళూ సరిపడా లేకపోతే ఏమవుతుందో 2020 డిసెంబరులో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో వచ్చిన అధ్యయనం చూపించింది. ఆక్సీమీటరు 92 నుంచి 96 మధ్య చూపిస్తుండగా ధమని రక్తంలో నిజంగా 88 కంటే తక్కువ ఉన్న సందర్భాలు శ్వేతజాతి రోగుల్లో 3.6 శాతం కాగా నల్లజాతి రోగుల్లో 11.7 శాతం. మెలనిన్ కూడా కాంతిని పీల్చుకుంటుంది కదా. చామనఛాయ నుంచి నలుపు దాకా అన్ని ఛాయలూ ఉన్న మన దేశంలో ఈ ప్రశ్నను ఇంకా గట్టిగా అడగవలసింది.

అయినా కొవిడ్ కాలంలో అదే ఆక్సీమీటరు ఎంతో మేలు చేసిందనడంలో సందేహం లేదు. ఆ జబ్బులో కొందరికి ఆయాసం తెలియకుండానే ఆక్సిజన్ పడిపోయేది. ఇంట్లోనే ఉండి వేలికి క్లిప్పు పెట్టుకుని రోజుకు మూడు నాలుగు సార్లు చూసుకోవడం, అంకె 94 కంటే దిగితే ఆసుపత్రికి ఫోను చేయడం 2020, 2021 సంవత్సరాల్లో తెలుగు ఇళ్ళన్నిటికీ అలవాటైపోయింది. మన ప్రాంతంలో దూర పర్యవేక్షణ అంత విస్తృతంగా జరిగింది అప్పుడే. దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవలేదు, అంతే. అది పనిచేసిన చోట ఎందుకు పనిచేసిందో గమనించాలి. కొలవవలసింది ఒకటే అంకె. దాటకూడని గీత ఎక్కడుందో అందరికీ తెలుసు. దాటితే ఎక్కడికి వెళ్ళాలో తెలుసు. ఏఎన్ఎం గానీ ఆశా కార్యకర్త గానీ ఫోను చేసి ఇవాళ ఎంత ఉందని అడిగేది. మంచం దొరకని చోట, ఫోను ఎత్తేవాళ్ళు లేని చోట అదే అంకె మనిషిని భయపెట్టడం తప్ప ఏమీ చేయలేకపోయింది.

ఈ రంగంలో అత్యంత శ్రద్ధగా పరీక్షించిన జబ్బు గుండె వైఫల్యం. గుండె ఆగిపోవడం వేరు, ఇది వేరు. గుండె కండరం బలహీనపడి, ఒంటికి కావలసినంత రక్తాన్ని తోయలేకపోతుంది. మూత్రపిండాలకు చేరే రక్తం తగ్గుతుంది. ఒంట్లో నీరు తక్కువైందని అవి పొరబడి ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతాయి. ఆ నీరు కాళ్ళలోకి దిగుతుంది, ఊపిరితిత్తుల్లో చేరుతుంది. రోగి రెండు దిండ్లు ఎత్తుగా పెట్టుకుంటే గాని పడుకోలేడు, అర్ధరాత్రి ఊపిరాడక లేచి కూర్చుంటాడు. ఆసుపత్రిలో చేర్చి ఇంజక్షన్ల ద్వారా నీటిని తీసేస్తే వారంలో తేరుకుని ఇంటికి వెళ్తాడు. కొన్ని వారాలకు మళ్ళీ అదే స్థితిలో తిరిగి వస్తాడు. కొత్త ఆవకాయ జాడీ తెరిచిన వారమో, పెళ్ళి భోజనాలు వరసగా వచ్చిన వారమో ఇలాంటి కేసులు రావడం మన డాక్టర్లు ఎరిగినదే.

ఈ రాకపోకలను ముందే పసిగట్టి ఆపవచ్చన్న ఆశ సహజమైనది. నీరు చేరితే బరువు పెరగాలి. మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి పెరిగితే జాగ్రత్తపడమని యూరోపియన్ మార్గదర్శకాలు చెబుతాయి. రోజూ పొద్దున్నే బరువు చూసుకుని ఆ అంకెను ఆసుపత్రికి పంపితే, నీరు పోయే మాత్ర మోతాదు కాస్త పెంచితే, మంచం ఎక్కాల్సిన అవసరమే ఉండదు. కాగితం మీద ఇందులో లోపమేమీ కనిపించదు.

అమెరికాలో 1,653 మంది రోగుల మీద జరిపి 2010లో ప్రచురించిన పరీక్షలో ఈ ఆలోచన నిలవలేదు. రోగులు రోజూ ఒక ఫోను నంబరుకు చేసి, రికార్డు చేసిన గొంతు అడిగే ప్రశ్నలకు మీటలు నొక్కి జవాబివ్వాలి: ఆయాసం ఉందా, బరువెంత అని. ఆరు నెలల్లో మళ్ళీ ఆసుపత్రిలో చేరినవాళ్ళు గానీ చనిపోయినవాళ్ళు గానీ పర్యవేక్షణ ఉన్న గుంపులో 52.3 శాతం, లేని గుంపులో 51.5 శాతం. తేడా లేదు. పరికరం ఇచ్చినా 14 శాతం మంది ఒక్కసారి కూడా వాడలేదు. చివరి వారానికి వారంలో కనీసం మూడు రోజులు ఫోను చేసేవాళ్ళు 55 శాతానికి పడిపోయారు. ఆ తర్వాత కాలిఫోర్నియాలోని ఆసుపత్రుల్లో 1,437 మందితో జరిగి 2016లో వెలువడిన పరీక్షలో బరువు, బీపీ, నాడి కొలతలు వైర్‌లెస్‌గా వాటంతటవే వెళ్ళేవి, నర్సులు ఫోన్లు చేసి జాగ్రత్తలు చెప్పేవారు. అక్కడా ఆరు నెలల్లో మళ్ళీ చేరినవాళ్ళ నిష్పత్తి రెండు గుంపుల్లోనూ సుమారు సగమే.

రెండు పెద్ద పరీక్షలు విఫలమయ్యాక ఈ దారి మూసుకుపోయిందని చాలామంది అనుకున్నారు. అప్పటికే రెండు వైపుల నుంచి వేరే జవాబులు వస్తున్నాయి.

మొదటిది కొలత గురించి. బరువు ఆలస్యంగా వచ్చే సాక్ష్యం. గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్ళే పుపుస ధమనిలో ఒత్తిడి, ఆయాసం మొదలవడానికి కొన్ని వారాల ముందు నుంచే పెరుగుతూ ఉంటుంది. కాటా మీది అంకె అప్పటికి కదలకపోవచ్చు. బ్యాటరీ అవసరం లేని చిన్న సెన్సరును ఆ ధమనిలో అమర్చి, రోగి రోజూ ఒక ప్రత్యేకమైన దిండు మీద పడుకుంటే రేడియో తరంగాల ద్వారా ఒత్తిడి తెలిసే ఏర్పాటును 550 మంది మీద పరీక్షించారు. 2011లో 'లాన్సెట్'లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం ఆరు నెలల్లో గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడం 28 శాతం తగ్గింది. గమనించవలసిన సంగతి, సెన్సరు రెండు గుంపులవాళ్ళకూ అమర్చారు. డాక్టర్లకు ఆ అంకెలు అందింది, వాటిని చూసి మందులు మార్చింది ఒక గుంపుకే. శరీరంలో ఒకే పరికరం ఉన్నా, ఎవరి అంకెను డాక్టరు చదివి పని చేశాడో వాళ్ళకే మేలు జరిగింది. ఈ రంగం మొత్తంలో ఇంతకంటే శుభ్రమైన ప్రయోగం మరొకటి లేదని నా అభిప్రాయం.

రెండో జవాబు జర్మనీ నుంచి వచ్చింది. అక్కడ వాడిన సామాన్లలో కొత్తదేమీ లేదు: బరువు కాటా, బీపీ మిషను, ఆక్సీమీటరు, చిన్న ఈసీజీ పరికరం, 'ఇవాళ ఎలా ఉంది?' అన్న ప్రశ్నకు జవాబు నొక్కే ట్యాబ్. కొత్తదనమంతా బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో ఉంది. డాక్టర్లు, నర్సులు పగలూ రాత్రీ వంతులవారీగా కూర్చునే కేంద్రం అది. ఎవరి కొలత ముందు చూడాలో ముప్పును బట్టి వరస పెట్టుకుని, అవసరమైతే రోగికి ఫోను చేసి, మందు మార్చి, స్థానిక డాక్టరుకు చెప్పి, పరిస్థితిని బట్టి అంబులెన్సు పంపించేవారు. 1,571 మందిని చేర్చుకున్న ఆ పరీక్ష 2018లో ప్రచురితమైంది. ఏడాది కాలంలో ఆసుపత్రి వల్లనో మరణం వల్లనో పోయిన రోజులు మామూలు వైద్యంలో 6.64 శాతం ఉంటే, పర్యవేక్షణలో 4.88 శాతం. ఏడాదికి ప్రతి వంద మందిలో మరణాలు 11.34 నుంచి 7.86కు దిగాయి. ఇదే పరిశోధక బృందం 2011లో ప్రచురించిన తొలి పరీక్షలో మరణాలు తగ్గలేదన్నది కూడా చెప్పాలి. ఆ ఫలితాల నుంచి ఎవరికి మేలు జరిగే అవకాశం ఉందో గ్రహించి, ఇటీవలే ఆసుపత్రిలో పడివచ్చినవాళ్ళనే, అదీ తీవ్రమైన కుంగుబాటు లేనివాళ్ళనే, రెండోసారి ఎంచుకున్నారు. 2020 డిసెంబరులో జర్మనీ ప్రభుత్వ ఆరోగ్య బీమా పరిధిలోకి ఈ సేవను చేర్చడానికి నిర్ణయం జరిగింది.

బరువు కాటా అమెరికాలోనూ ఉంది, బెర్లిన్‌లోనూ ఉంది. ఫలితం వేరైంది. కాలిఫోర్నియాలో నర్సు ఫోను చేసి, అవసరమనిపిస్తే మీ డాక్టరును సంప్రదించండి అని చెప్పగలిగేది. మోతాదు మార్చడం ఆమె చేతిలో లేదు. బెర్లిన్‌లో అంకె చూసిన బృందంలోనే మందు మార్చగల డాక్టరు ఉన్నాడు. రోగుల ఎంపికలో, దేశాల వైద్య వ్యవస్థల్లో ఇతర తేడాలూ ఉన్నాయి. అయినా ఈ తేడాను పక్కన పెట్టి ఆ ఫలితాలను అర్థం చేసుకోవడం కష్టం.

జబ్బున్నట్టు తెలిసినవాళ్ళను కనిపెట్టి ఉండటం ఒకటి, జబ్బు ఉందో లేదో తెలియని లక్షల మందిలో దాన్ని వెతకడం మరొకటి. వాచీల కంపెనీలు ఎక్కువగా మాట్లాడేది ఈ రెండో పని గురించి. 2019లో వెలువడిన ఆపిల్ హార్ట్ స్టడీలో 4,19,297 మంది చేరారు. వాళ్ళలో 2,161 మందికి, అంటే దాదాపు 0.5 శాతానికి, నాడి క్రమం తప్పిందన్న హెచ్చరిక వచ్చింది. తర్వాత పోస్టులో ఈసీజీ ప్యాచ్ పంపించి, అంటించుకుని తిరిగి పంపినవాళ్ళను పరిశీలిస్తే 34 శాతం మందిలో ఎట్రియల్ ఫిబ్రిలేషన్ కనిపించింది. ఆ లయదోషం వచ్చిపోయే రకం కాబట్టి ప్యాచ్ ఉన్న రోజుల్లో అది కనిపించనంత మాత్రాన మిగతావన్నీ తప్పుడు హెచ్చరికలు కావు. ప్యాచ్ ఒంటి మీద ఉండగానే వాచీ హెచ్చరించిన సందర్భాలు చూస్తే 84 శాతం నిజమే. వాచీని తీసిపారేయడానికి లేదు.

అయితే ఇక్కడ ఒక లెక్క ఉంది. ఊహించిన అంకెలతోనే చేద్దాం. ఒక వాచీ జబ్బున్న వంద మందిలో 90 మందిని పట్టుకుంటుందనీ, జబ్బు లేని వంద మందిలో ఒక్కరిని మాత్రమే పొరపాటున హెచ్చరిస్తుందనీ అనుకుందాం. చాలా మంచి పరికరం. దీన్ని పదివేల మంది యువకులకు కట్టాం. వాళ్ళలో నిజంగా జబ్బున్నవాళ్ళు పది మందే. వాచీ తొమ్మిది మందిని సరిగ్గా పట్టుకుంటుంది, దాదాపు వంద మందిని అనవసరంగా బెదరగొడుతుంది. హెచ్చరిక అందుకున్న 109 మందిలో నూరుగురు ఏ జబ్బూ లేనివాళ్ళే. అదే వాచీని 75 దాటిన పదివేల మందికి కట్టాం. వాళ్ళలో వెయ్యి మందికి జబ్బుంది. 900 నిజమైన హెచ్చరికలు, 90 తప్పుడువి. పరికరం మారలేదు, అల్గోరిథమ్ మారలేదు. ఎవరికి కట్టామన్నది మారింది. మన మార్కెట్లో ఈ వాచీలు ఎక్కువగా కొనేది ఇరవై, ముప్పై ఏళ్ళవాళ్ళు. అవసరం ఎక్కువగా ఉన్నది వాళ్ళ తాతయ్యలకు, అమ్మమ్మలకు.

సరిగ్గా పట్టుకున్నా సరిపోదన్నది డెన్మార్క్ పరీక్ష చెప్పింది. పక్షవాతం ముప్పు ఉన్న ఆరువేల మంది వృద్ధుల్లో నాలుగో వంతు మందికి చర్మం కింద గుండె లయను ఎడతెగకుండా నమోదు చేసే పరికరం పెట్టారు. 2021లో ఫలితాలు వచ్చాయి. పరికరం ఉన్నవాళ్ళలో 31.8 శాతానికి ఎట్రియల్ ఫిబ్రిలేషన్ బయటపడింది. మామూలు వైద్యంలో 12.2 శాతానికే. రక్తం పలుచబడే మందులు వాడినవాళ్ళ నిష్పత్తీ రెట్టింపు దాటింది. పక్షవాతం మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. రోజుల తరబడి వెతికితే దొరికే కొద్ది నిమిషాల లయదోషమూ, డాక్టరు ఈసీజీలో మామూలుగా కనబడే లయదోషమూ ఒకే స్థాయి ప్రమాదం కాకపోవచ్చు. కొత్త కళ్ళద్దాలు పెట్టుకున్నంత మాత్రాన కనిపించే ప్రతిదీ జబ్బు కాదు.

మన దగ్గర అంతకంటే ముఖ్యమైనవి బీపీ, షుగరు. ఇంట్లో బీపీ చూసుకోవడం వల్ల మేలుందా అన్నదానికి ఇంగ్లండ్‌లో 1,182 మందితో చేసిన పరీక్ష (2018) ఔనని జవాబిచ్చింది. ఏడాది తర్వాత పై అంకె సగటున మామూలు వైద్యంలో 140.4, ఇంట్లో చూసుకుని డాక్టరుకు చెప్పినవాళ్ళలో 137, ఫోను ద్వారా పంపినవాళ్ళలో 136. ఫోను సందేశానికీ కాగితం మీద రాసుకోవడానికీ తేడా పెద్దగా లేదు. డాక్టరు ఆ అంకెలను చూసి మందు మార్చడమే మేలు చేసింది. చేతికి పట్టీ బిగించే మామూలు మిషను చాలు. పట్టీ లేకుండా వేలి ఉంగరమో వాచీయో బీపీ చెబుతుందంటే, వాటిని రోగ నిర్ధారణకు గానీ చికిత్సకు గానీ వాడవద్దని యూరోపియన్ హైపర్‌టెన్షన్ సంఘం 2022లో స్పష్టంగా చెప్పింది. షుగరు విషయంలో సంగతి ఇంకా తీవ్రం. చర్మం కిందకు సన్నని తీగ దించి, కణాల మధ్య ద్రవంలోని గ్లూకోజును ఎంజైము ద్వారా కొలిచే సెన్సర్లు నిజమైనవే. ఇన్సులిన్ వాడేవాళ్ళకు ఎంతో ఉపయోగపడుతున్నాయి, రక్తం కంటే కొన్ని నిమిషాలు వెనకబడి చూపిస్తాయన్నది గుర్తుంచుకుంటే చాలు. చర్మం గుచ్చకుండా షుగరు చూపిస్తామనే వాచీలు, ఉంగరాలు వేరు. అలాంటి దేన్నీ తాను ఆమోదించలేదనీ, వాడవద్దనీ అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఆ తప్పుడు అంకెను నమ్మి ఇన్సులిన్ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఆన్‌లైన్‌లో రెండు వేలకు దొరికే వాచీ మీద షుగరు అంకె కనబడితే నమ్మవద్దని డాక్టర్లు రోగులకు ప్రతిసారీ చెప్పవలసిన పరిస్థితి.

తెలుగు నేలకు ఈ రంగంలో చరిత్ర ఉంది. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో ఏర్పాటు చేసిన గ్రామీణ టెలిమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చిలో అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ లాంఛనంగా ప్రారంభించాడు. 2019 నవంబరులో కేంద్రం తెచ్చిన ఈ-సంజీవని సేవను ఆరోగ్య కేంద్రాల్లో మొదట అమలు చేసిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. అయితే ఇవి దూరం నుంచి డాక్టరుతో మాట్లాడించే ఏర్పాట్లు. రోగిని రోజూ కనిపెట్టి ఉండటం వాటి పని కాదు.

ఆ పనికి దగ్గరగా వచ్చింది పశ్చిమ గోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు చేసిన పరీక్ష. 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, 54 గ్రామాలు. ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి బీపీ చూసి, గుండెజబ్బు ముప్పు ఎంతో ట్యాబ్‌లోనే లెక్కగట్టి, ముప్పు ఎక్కువున్నవాళ్ళ వివరాలు డాక్టరుకు అందేలా చేశారు. అరవై వేలకు పైగా మందిని చూశారు. పెద్దగా చదువుకోని కార్యకర్తలు సాంకేతికత వాడలేరన్న అపోహను ఆ ఆడవాళ్ళు తుడిచిపెట్టేశారు. 2019లో వచ్చిన తుది ఫలితం మాత్రం నిరాశపరిచింది: బీపీ అదుపులో ఉన్నవాళ్ళు ఆ ఏర్పాటున్న కాలంలో 41.2 శాతం, లేని కాలంలో 39.2 శాతం. ముప్పు ఉందని తెలియజెప్పడం దాకా గొలుసు బాగానే నడిచింది. డాక్టరు దగ్గరకు వెళ్ళడం, మందు రాయించుకోవడం, ఆ మందు నెలనెలా దొరకడం అన్న చివరి కొక్కేల దగ్గర అది సడలిపోయింది. లైడెన్, బెర్లిన్, పశ్చిమ గోదావరి పల్లెలు. ఎక్కడ చూసినా తేడా తెచ్చింది అవతలి కొసే.

దీనికి విరుగుడు కూడా మన దగ్గరే మొదలైంది. 2017 చివర్లో తెలంగాణ సహా ఐదు రాష్ట్రాల్లో ఆరంభమైన బీపీ నియంత్రణ కార్యక్రమం, వాచీల జోలికి పోకుండా, ఏ అంకెకు ఏ మాత్ర, నెల తర్వాత తగ్గకపోతే తర్వాతి మెట్టు ఏమిటన్నది ఒక్క కాగితం మీద నిర్ణయించింది. ఆ మాత్రలు దగ్గర్లోని కేంద్రంలోనే ఉంచడం, నర్సులకు కూడా బాధ్యత పంచడం, రాని రోగికి ఫోను చేయడం అందులో భాగాలు. ఇంట్లో కొలిచిన బీపీ అంకె వచ్చి వాలడానికి ఇలాంటి పునాది ఉంటేనే ఏదైనా ఉపయోగం.

మరో తీరు పర్యవేక్షణ కూడా తెలుగు కుటుంబాల్లో నడుస్తోంది. తల్లి తెనాలిలో, కొడుకు డాలస్‌లో. ఆమె చేతికి వాచీ కొని పెట్టి, ఆమె నాడి, నిద్ర, అడుగులు అతను ఫోనులో చూస్తుంటాడు. ఇందులో ప్రేమ ఉంది, కాదనలేం. ఇక్కడ రాత్రి రెండింటికి నాడి 130 దాటితే అక్కడ అతను ఆఫీసులో ఉంటాడు, చూస్తాడు కూడా. ఆ తర్వాత ఏం చేయాలి? పక్కింటివాళ్ళ నంబరు, దగ్గర్లో రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి, ఆమె వాడే మందుల జాబితా, 108కు ఫోను చేసే మనిషి ముందే కుదిరి ఉంటే ఆ అంకెకు విలువ ఉంది. లేకపోతే సముద్రాల అవతల ఒక మనిషికి నిద్ర లేకుండా చేయడమే మిగులుతుంది. ఆమెను అడిగి కట్టారా అన్నది కూడా ప్రశ్నే. మధ్యాహ్నం తను ఎంతసేపు పడుకుందో కోడలికి తెలియడం ఆమెకు ఇష్టం లేకపోవచ్చు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఒకరి సమాచారం సేకరించడానికి సాధారణంగా వారి సమ్మతి ఉండాలన్న సూత్రం మీద నిలబడింది. ఇంట్లోవాళ్ళ మధ్య ఆ సమ్మతిని చట్టం కంటే ముందు మర్యాద కోరుతుంది.

ఆసుపత్రుల వైపు నుంచి ఇంకో అడ్డంకి ఉంది. హెచ్చరికలు ఎక్కువైతే విలువ పోతుంది. ప్రతి ఆకు చప్పుడుకూ మొరిగే కుక్కను ఇంటివాళ్ళు పట్టించుకోవడం మానేసినట్టు, ఐసీయూలో ఎప్పుడూ కూసే అలారాలకు నర్సుల చెవులు మొద్దుబారతాయన్నది ఆసుపత్రులన్నీ ఎరిగిన సంగతే. వంద మంది ఇళ్ళ నుంచి రోజూ కొలతలు వచ్చే కేంద్రంలో వాటిని ముప్పును బట్టి జల్లెడ పట్టే పద్ధతి లేకపోతే అదే జరుగుతుంది. కృత్రిమ మేధ ఈ జల్లెడ పనికి పనికివస్తుంది. బెర్లిన్ కేంద్రం కూడా ఎవరిని ముందు చూడాలన్నది నిర్ణయించడానికి కంప్యూటరు సాయం తీసుకుంది, ఫోను చేసింది మాత్రం నర్సే.

మన జిల్లా ఆసుపత్రుల్లో ఈ పని మొదలుపెట్టాలంటే గుండె వైఫల్యంతో పడి ఇంటికి వెళ్తున్నవాళ్ళతో మొదలుపెట్టడం మేలని తోస్తుంది. వాళ్ళకు ముప్పు ఎక్కువ, సంఖ్య తక్కువ, కొలవవలసినవి రెండు మూడే. కాటా, బీపీ మిషను ఖర్చు పెద్దది కాదు. డిశ్చార్జి కాగితం మీద నీరు దిగాక ఉన్న బరువు, ఎంత పెరిగితే ఫోను చేయాలి, ఏ నంబరుకు చేయాలి అన్నవి తెలుగులో రాసి ఉండాలి. ఖర్చంతా ఆ నంబరు దగ్గర ఉంటుంది. ఆదివారమూ సంక్రాంతీ లేకుండా ఆ ఫోను ఎత్తే నర్సు, నీరు పోయే మాత్ర ఎంతవరకు పెంచవచ్చో ఆమెకు రాతపూర్వకంగా ఇచ్చిన అధికారం, ఆ హద్దు దాటితే లేపదగిన డాక్టరు ఒకరు. ప్రభుత్వాలు టెండర్లు పిలిచేటప్పుడు పరికరాల పద్దు కింద ఎంత, ఈ జీతాల పద్దు కింద ఎంత పెట్టారో చూస్తే ఆ పథకం మూడేళ్ళ తర్వాత ఎలా ఉంటుందో చాలావరకు ముందే చెప్పవచ్చు.